డాకింగ్ నేర్చుకోవడానికి ఏ గేమ్ మంచిది? ముందు మీరు ఎక్కడ ఆగిపోతున్నారో చూసుకోండి

2024 డిసెంబర్ 30 రాత్రి 10 గంటలకు మన శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ60 లేచింది. అందులో స్పేడెక్స్ జంట ఉపగ్రహాలు ఉన్నాయి, ఒక్కోటి సుమారు 220 కిలోలు. 2025 జనవరి 16న ఆ రెండూ కక్ష్యలో ఒకదానికొకటి అతుక్కున్నాయి, దీన్నే డాకింగ్ అంటారు. అమెరికా, రష్యా, చైనాల తర్వాత ఈ పని చేసిన నాలుగో దేశం మనదే. ఆ వార్త వచ్చినప్పటి నుంచి విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల కాలేజీ పిల్లల్లో డాకింగ్ మీద ఆసక్తి పెరగడం చూస్తున్నాను, చాలా సంతోషంగా ఉంది. వాళ్లందరూ అడిగేది ఒకటే: "స్వయంగా చేసి చూడాలని ఉంది, ఏ గేమ్ వేసుకోమంటారు?"

గేమ్ పేరు చెప్పేముందు ఒక విషయం తేల్చుకోవాలి. డాకింగ్ అని మనం ఒక్క మాటలో అనేస్తాం గానీ అందులో రెండు వేర్వేరు పనులున్నాయి. మొదటిది, వందల కిలోమీటర్ల అవతల తిరుగుతున్న నౌక దగ్గరకు చేరి, దాని పక్కనే దాని వేగంతోనే నిలబడటం. రెండోది, అక్కడి నుంచి చివరి వంద మీటర్లు నెమ్మదిగా వెళ్లి పోర్టుకు పోర్టు, అంటే నౌకలు అతుక్కునే మూతికి మూతి, ఆనించడం. మొదటిదానికి లెక్క, ఓపిక కావాలి. రెండోదానికి చెయ్యి తిరగాలి. ఒకదాన్ని బాగా నేర్పే గేమ్ రెండోదాన్ని అంత బాగా నేర్పదు. అందుకే "ఏది బాగుంది" అని కాకుండా "నాకు ఏది రావట్లేదు" అని చూసుకుని ఎంచుకోవాలి.

నా సలహా ఇది: రెండో పని ముందు నేర్చుకోండి. చివరి వంద మీటర్లు చేతికి అలవాటైతే, స్టేషన్ దగ్గరకు చేరడానికి గంటసేపు పడిన కష్టం ఆఖరి నిమిషంలో పాడవ్వదు. చాలామంది కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ అనే గేమ్ మొదలుపెట్టి, ఎలాగో స్టేషన్ పక్కకు చేరి, అక్కడ చేతులెత్తేసి గేమ్ మూసేస్తారు. ఆ టెన్షన్ అక్కర్లేదు.

చేతి పనికి: స్పేస్‌ఎక్స్ సిమ్యులేటర్

చివరి వంద మీటర్ల కోసం పైసా ఖర్చు లేకుండా దొరికేది స్పేస్‌ఎక్స్ వాళ్ల ఐఎస్‌ఎస్ డాకింగ్ సిమ్యులేటర్. 2020 మేలో పెట్టారు. అదే నెల 31న నాసా వ్యోమగాములు బాబ్ బెంకెన్, డగ్ హర్లీ స్పేస్‌ఎక్స్ నౌక క్రూ డ్రాగన్‌లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి (ఐఎస్‌ఎస్) చేరారు. ఇన్‌స్టాల్ చేసేదేమీ లేదు, బ్రౌజర్‌లోనే నడుస్తుంది. ఫోన్‌లోనూ తెరుచుకుంటుంది గానీ కీబోర్డు ఉంటే వేళ్లకు తొందరగా అలవాటవుతుంది.

మొదలుపెట్టేసరికి మీరు కేంద్రానికి సుమారు 200 మీటర్ల దూరంలో, వంకరగా ఉంటారు. ఒకవైపు బటన్లు నౌకను తిప్పుతాయి, ఇంకోవైపు బటన్లు జరుపుతాయి. తెర మీద కనిపించే ఆకుపచ్చ అంకెలన్నీ 0.2 కంటే తక్కువకు వచ్చి ఆనుకుంటే పని అయినట్టే. ముందు తిప్పుడు సరిచేయండి. రోల్ (పక్కకు దొర్లడం), పిచ్ (ముక్కు పైకీ కిందికీ), యా (ముక్కు కుడికీ ఎడమకీ) మూడూ సున్నా అయ్యాక, అవి మారే వేగం కూడా సున్నా అయ్యాకే జరపడం మొదలుపెట్టండి. రెండూ కలిపి చేస్తే ఏ కదలిక దేనివల్ల వచ్చిందో తెలియదు.

ఇక్కడ నేర్చుకునేది ఒక్కటే, కానీ అదే అన్నిటికంటే ముఖ్యం. అంతరిక్షంలో మీరు ఒకసారి నొక్కింది దానంతటదే తగ్గిపోదు. భూమ్మీద మన చేతులకు ఉన్న అలవాటంతా దీనికి వ్యతిరేకం: వదిలేస్తే ఆగుతుందని చెయ్యి అనుకుంటుంది. అక్కడ వదిలేస్తే పోతూనే ఉంటుంది. కుడికి మూడుసార్లు నొక్కితే, ఆపడానికి ఎడమకు మూడుసార్లు నొక్కాల్సిందే. ఇది బుర్రకు అర్థం కావడానికి నిమిషం చాలు, వేళ్లకు ఎక్కడానికి మాత్రం కొన్ని సాయంత్రాలు పడుతుంది.

దీనికి ఉన్న లోటు కూడా చెప్పాలి. ఇందులో కక్ష్య అనేదే లేదు. స్టేషన్ నిలకడగా ఉంటుంది, మీరు దాని వైపు తిన్నగా వెళ్తారు, ఇంధనం అయిపోతుందన్న బెంగ లేదు. కాబట్టి ఇందులో ఎంత నేర్పరి అయినా, కెర్బల్‌లో స్టేషన్‌ను వెతుక్కుంటూ వెళ్లమంటే దారి తెలియదు. ఇది వారం రోజుల మెట్టు, అక్కడే ఉండిపోవద్దు.

దగ్గరకు చేరడం నేర్పేది: కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్

మొదటి పని నేర్చుకోవడానికి నాకు తెలిసి కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్‌ను మించింది లేదు. 2011లో మొదట బయటికి వచ్చింది, 2012లో డాకింగ్ పోర్టులు చేర్చారు, 2015లో పూర్తి గేమ్ అయ్యింది. ఇందులో కెర్బిన్ అనే గ్రహం వ్యాసార్థం 600 కిలోమీటర్లే, అంటే భూమిలో సుమారు పదో వంతు. దానివల్ల కింది కక్ష్యలో ఒక చుట్టు అరగంటలో అయిపోతుంది, నిజం భూమికైతే గంటన్నర పడుతుంది. తప్పితే మళ్లీ ప్రయత్నించడానికి ఎక్కువ సేపు కాచుకోనక్కర్లేదు. నేర్చుకునేవాళ్లకు ఇదే పెద్ద లాభం.

కొత్తవాళ్లందరినీ తికమక పెట్టేది ఒకటుంది. ముందున్న నౌకను అందుకోవాలంటే దాని వైపు ముక్కు పెట్టి ఇంజిన్ వేయడం కుదరదు. అలా వేస్తే మీ కక్ష్య పెద్దదవుతుంది, చుట్టు తిరగడానికి ఇంకా ఎక్కువ సేపు పడుతుంది, చివరికి మీరే వెనకబడతారు. బందరు రోడ్డులో ఇందిరాగాంధీ స్టేడియానికి పొద్దున్నే వెళ్లి చూస్తే, లోపలి లేన్‌లో పరిగెత్తేవాళ్లు బయటి లేన్ వాళ్లకంటే తొందరగా చుట్టు ముగిస్తారు. కక్ష్యలో ఇంకొకటి కూడా తోడవుతుంది: లోపలి దారి చిన్నదే కాదు, అక్కడ వేగమూ ఎక్కువే. అందుకే ముందున్నదాన్ని పట్టుకోవాలంటే కిందికి దిగాలి.

ఇది గేమ్ ఆడేవాళ్లకే వచ్చిన తికమక కాదు. 1965 జూన్‌లో నాసా నౌక జెమిని-4లో వెళ్లిన జేమ్స్ మెక్‌డివిట్, కక్ష్యలోకి తెచ్చిన టైటన్ రాకెట్ రెండో దశ పక్కకు చేరాలని దానివైపే తోసుకుంటూ వెళ్లాడు. అది దూరం జరుగుతూనే పోయింది, ఇంధనం తరిగిపోతుంటే ఆ ప్రయత్నం వదులుకోవాల్సి వచ్చింది. అదే ఏడాది డిసెంబర్‌లో జెమిని-6ఏ, జెమిని-7 ఒకదాని పక్కన ఒకటి అడుగు దూరం దాకా వచ్చాయి. 1966 మార్చి 16న జెమిని-8లో నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్, డేవిడ్ స్కాట్ ఎజీనా అనే మనిషి లేని నౌకతో మొట్టమొదటి డాకింగ్ చేశారు. ఏడాది తిరగకుండానే నాసా నేర్చుకున్న ఆ పాఠాన్ని కెర్బల్ మనకు ఒక ఆదివారంలో నేర్పుతుంది.

పద్ధతి స్థూలంగా ఇలా ఉంటుంది. స్టేషన్‌ను 150 కిలోమీటర్ల ఎత్తులో గుండ్రటి కక్ష్యలో పెట్టండి. మీ నౌకను 80 కిలోమీటర్ల దగ్గర పెట్టండి. కింద ఉన్నారు కాబట్టి మీరే వేగంగా తిరిగి స్టేషన్‌ను అందుకుంటూ ఉంటారు. మ్యాప్‌లో స్టేషన్‌ను టార్గెట్‌గా పెట్టుకుని, మెనూవర్ నోడ్ (ఎక్కడ, ఎటు, ఎంత ఇంజిన్ వేయాలో ముందే పెట్టుకునే గుర్తు) ఒకటి వేసి, మీ దారి స్టేషన్ కక్ష్యను తాకేదాకా ప్రోగ్రేడ్ వైపు, అంటే మీరు వెళ్తున్న దిశకు, లాగండి. రెండు నౌకలూ ఎంత దగ్గరగా వస్తాయో గుర్తులు చూపిస్తాయి. ఆ దూరం రెండు మూడు కిలోమీటర్లకు తగ్గేదాకా నోడ్‌ను కక్ష్య వెంట ముందుకో వెనక్కో జరుపుతూ ఉండండి. కక్ష్యల వాలులో తేడా ఉంటే ముందే, రెండు కక్ష్యలూ కలిసే చోట, దాన్ని సరిచేసుకోవాలి. భూమధ్యరేఖ మీదుగా రెంటినీ పంపితే ఆ బాధే ఉండదు, మొదట్లో అలాగే చేయండి.

దగ్గరకు చేరేసరికి రెంటి వేగాల మధ్య సెకనుకు 50, 60 మీటర్ల తేడా ఉంటుంది. నావ్‌బాల్ (తెర కింద దిశలు చూపే గోళం) మీద వేగం చూపించే చోట "టార్గెట్" అని ఉందో లేదో చూసుకోండి. "ఆర్బిట్" అని ఉంటే అక్కడ నొక్కి మార్చండి. ఈ ఒక్క మార్పు మర్చిపోయి నానా తిప్పలు పడేవాళ్లు చాలామంది. రెట్రోగ్రేడ్ వైపు (వెళ్తున్న దిశకు ఎదురుగా) ముక్కు తిప్పి, ఆ వేగం సున్నా అయ్యేదాకా ఇంజిన్ వేస్తే స్టేషన్ పక్కన నిలబడ్డట్టే. అక్కడి నుంచి చిన్నగా తోయడం, వెళ్లడం, మళ్లీ ఆపడం. ప్రతిసారీ పూర్తిగా ఆపి, మళ్లీ మొదలుపెట్టండి.

ఇక ఆఖరి మీటర్లు. గుంటూరు బ్రాడీపేటలో గది తీసుకుని డిప్లొమా చదువుతున్న మా పిన్ని కొడుకు దగ్గర కూర్చుని మొన్న చూశాను. స్టేషన్‌కు 38 మీటర్ల దూరంలో ఉన్నాడు, వేగం సెకనుకు 0.9 మీటర్లు.

"అన్నయ్యా, పింక్ గుర్తు మీదే ముక్కు పెట్టా, అయినా పక్కనుంచి జారిపోతోందేంటి?"

"ముక్కు ఎటుందో చూడకురా. పసుపు గుర్తు ఎటుందో చూడు. నువ్వు వెళ్లేది అటు."

పసుపు గుర్తు పింక్ గుర్తుకు కుడివైపు, వేలెడు దూరంలో ఉంది. ముందు వెనక్కి తోసే కీ ఎన్ నొక్కించి వేగం 0.4కు తగ్గించా. తర్వాత ఎడమకు తోసే కీ జె రెండుసార్లు నొక్కాడు, పసుపు గుర్తు మెల్లగా ఎడమకు జరిగి పింక్ గుర్తు మీదికి వచ్చింది. "చెయ్యి తీసెయ్" అన్నాను. తీశాడు. పది మీటర్లలో 0.2కు తగ్గించాడు. పోర్టులు ఒకదాన్నొకటి అయస్కాంతాల్లా లాక్కున్నాయి, నౌక కొంచెం ఊగింది, కెమెరా ఒక్కసారిగా పక్కకు జరిగింది. రెండు నౌకలూ ఒకటైపోయాయని గేమ్ చెప్పే పద్ధతి అది. వాడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు, నాకూ గుండె నిండిపోయింది.

ఇందులో ఉన్నదంతా రెండు గుర్తుల సంగతే. పింక్ గుర్తు టార్గెట్ ఎక్కడుందో చెబుతుంది, పసుపు గుర్తు మీరు ఎటు వెళ్తున్నారో చెబుతుంది. పసుపును పింక్ మీద కూర్చోబెట్టి, వేగం తగ్గిస్తూ పోవడమే. దానికి ముందు మూడు జాగ్రత్తలు. మీ పోర్టు మీద రైట్ క్లిక్ చేసి "కంట్రోల్ ఫ్రమ్ హియర్" పెట్టాలి, లేకపోతే గేమ్ లెక్కలో ముందూ వెనకా మీరనుకున్నట్టు ఉండవు. అవతల కూడా స్టేషన్‌ను కాకుండా దాని పోర్టునే టార్గెట్‌గా పెట్టాలి. ఆర్‌సీఎస్ (నౌకను కొద్దికొద్దిగా జరిపే చిన్న థ్రస్టర్లు) వేసి, క్యాప్స్ లాక్ నొక్కి నెమ్మది కంట్రోళ్లకు మారాలి. హెచ్ ముందుకు, ఎన్ వెనక్కి, జె ఎడమకు, ఎల్ కుడికి, ఐ కిందికి, కె పైకి.

ఇంకో చిట్కా ఉంది, ఇది తెలిస్తే సగం కష్టం పోతుంది. కక్ష్యలో తిరుగుతుంటే రెండు నౌకల మధ్య దిశ మెల్లగా మారుతూ ఉంటుంది, అందుకే ఎంత సరిచేసినా పోర్టు వంకర పోతున్నట్టు అనిపిస్తుంది. స్టేషన్ పోర్టును నార్మల్ వైపు, మీ పోర్టును యాంటీనార్మల్ వైపు తిప్పి ఉంచండి. ఆ దిశలు కక్ష్య తలానికి నిలువుగా ఉంటాయి, ఎంత తిరిగినా మారవు. పోర్టులు చివరిదాకా ఎదురెదురుగానే ఉంటాయి.

నౌకను కట్టేటప్పుడే సగం డాకింగ్ అయిపోతుందని కూడా గుర్తుంచుకోండి. ఆర్‌సీఎస్ బ్లాకులు బరువు మధ్యబిందువుకు రెండువైపులా సమానంగా లేకపోతే, ఎల్ నొక్కినప్పుడల్లా నౌక జరగడంతోపాటు తిరుగుతుంది. కట్టే చోట మధ్యబిందువు చూపించే బటన్ ఉంది, వేసి చూసుకోండి. ఇంధనం ఖర్చయ్యే కొద్దీ ఆ బిందువు జరుగుతుంది కాబట్టి ట్యాంకులు ఖాళీగా ఉన్నప్పుడు ఎక్కడ ఉంటుందో కూడా చూడాలి. పోర్టులు మూడు సైజుల్లో ఉంటాయి, ఒకే సైజువే ఒకదానికొకటి అతుక్కుంటాయి. మధ్య సైజుతో మొదలుపెట్టండి. పెద్ద నౌకను నిలబెట్టి, చిన్న నౌకను కదపండి.

ట్రైనింగ్ మెనూలో డాకింగ్ పాఠం ఉంటుంది, అది తప్పకుండా చేయండి. కెరీర్ మోడ్‌లో పైలట్‌కు అనుభవం వచ్చేదాకా ముక్కును టార్గెట్ వైపు దానంతటదే పట్టి ఉంచే సదుపాయం రాదు. డాకింగ్ నేర్చుకోవడమే పని అయితే శాండ్‌బాక్స్ (అన్నీ మొదటి నుంచే అందుబాటులో ఉండే మోడ్) చాలు.

రెండో భాగం, కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ 2, కొనవద్దు. 2023 ఫిబ్రవరిలో అసంపూర్తిగానే అమ్మకానికి పెట్టారు, 2024లో పని ఆగిపోయింది. షాపింగ్ పేజీలో రెండూ పక్కపక్కన కనిపిస్తాయి, బొమ్మలు చూసి రెండోది నొక్కకండి. మొదటిది పాత గేమే గానీ నిండైన గేమ్. స్టీమ్ సేల్ వచ్చేదాకా ఆగితే బాగా తగ్గింపుకు దొరుకుతుంది. అప్పటిదాకా బ్రౌజర్ సిమ్యులేటర్ ఎటూ ఉంది.

సాయం తీసుకోవాలా, ఆటోపైలట్‌కు వదిలేయాలా

కెర్బల్‌లో మాడ్‌లు, అంటే ఆడేవాళ్లు తయారుచేసిన అదనపు హంగులు, వేసుకోవచ్చు. డాకింగ్ కోసం జనం వాడేవి ముఖ్యంగా రెండు. ఒకటి డాకింగ్ పోర్ట్ అలైన్‌మెంట్ ఇండికేటర్. ఇది పక్కన చిన్న గడియారంలాంటి తెర వేసి, మీ పోర్టు ఎంత వంకరగా ఉందో, ఎంత పక్కకు ఉందో, ఎంత దూరంలో ఉందో చూపిస్తుంది. నౌకను నడిపేది మాత్రం మీరే. దీన్ని మొదటి రోజు నుంచీ వేసుకోమంటాను. నావ్‌బాల్ ఒక్కటే చూస్తే పోర్టు వంకర తెలియదు, నిజమైన నౌకల్లో కూడా ఇలాంటి సాయం ఉంటుంది.

రెండోది మెక్‌జెబ్. ఒక బటన్ నొక్కితే అదే వెళ్లి అదే డాక్ చేస్తుంది. ఇది మోసం అని కొందరంటారు, నేను అననుగాక అనను. 1967 అక్టోబర్ 30న సోవియట్ నౌకలు కాస్మోస్-186, 188 మనిషి లేకుండానే డాక్ అయ్యాయి. క్రూ డ్రాగన్ తనంతట తనే డాక్ అవుతుంది. 2025 జూన్ 26న శుభాంశు శుక్లా వెళ్లిన నౌక కూడా అలాగే చేరింది. స్పేడెక్స్‌లో అసలు మనుషులే లేరు. కానీ మీరు కోరుకునేది నేర్చుకోవడం. చేతితో ధీమాగా చేయగలిగేదాకా దాన్ని ముట్టుకోకండి. ఆ తర్వాత పెద్ద స్టేషన్ కడుతూ ఇంధన ట్యాంకులు ఒకదాని తర్వాత ఒకటి తెచ్చేటప్పుడు మెక్‌జెబ్‌కు అప్పగించండి, తప్పేం లేదు. చేతిపని ఎందుకు రావాలో తెలియాలంటే మాత్రం 1997 జూన్ 25 గుర్తు చేసుకోవాలి. ఆ రోజు ప్రోగ్రెస్ ఎం-34 అనే సరకు నౌకను రష్యా అంతరిక్ష కేంద్రం మీర్ లోపలి నుంచి రిమోట్‌గా చేత్తో నడుపుతూ డాక్ చేయబోతే, దాని వేగం, దూరం సరిగా అందక అది స్పెక్టర్ మాడ్యూల్‌ను గుద్దుకుంది. ఆ మాడ్యూల్‌లో గాలి బయటికి పోయింది, లోపలివాళ్లు దాన్ని మూసేసి బతికి బయటపడ్డారు.

అందుకే దూరానికి తగ్గ వేగం అనేది నియమంగా పెట్టుకోండి. గేమ్‌లో నేను చెప్పే లెక్క: కిలోమీటరు దూరంలో సెకనుకు 10 మీటర్లు దాటొద్దు, 100 మీటర్లలో ఒక మీటరు, 20 మీటర్లలో 0.3. ఆనుకునేటప్పుడు 0.2 చాలు. స్పేడెక్స్ డాకింగ్ వ్యవస్థ తయారైంది సెకనుకు 10 మిల్లీమీటర్ల స్థాయి వేగానికి. మన గేమ్ వేగం దానికి ఇరవై రెట్లు, అయినా మనకే తొందర.

నిజంలా కావాలంటే: ఆర్బిటర్

ఆర్బిటర్‌ను లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో పనిచేసే మార్టిన్ ష్వైగర్ తయారు చేశారు. 2000 నుంచి ఉంది, పూర్తిగా ఉచితం, 2021లో సోర్స్ కోడ్ కూడా అందరికీ తెరిచేశారు. ఇందులో భూమి నిజమైన సైజులోనే ఉంటుంది, వేగం సెకనుకు ఏడున్నర కిలోమీటర్లు పైనే. సాయంత్రం ప్రకాశం బ్యారేజీ మీద నిలబడితే కొన్ని రోజుల్లో పైన వేగంగా సాగిపోయే చుక్కలా కనిపించే అంతరిక్ష కేంద్రం ఉంది కదా, దాదాపు 400 కిలోమీటర్ల ఎత్తులో ఉన్న ఆ కేంద్రానికే ఇందులో డాక్ చేస్తారు.

కెర్బల్‌కూ దీనికీ అసలు తేడా బొమ్మల్లో లేదు, పరికరాల్లో ఉంది. ఇక్కడ మ్యాప్‌లో గీతలు లాగే పని ఉండదు. కాక్‌పిట్‌లో చిన్న తెరలు రెండు ఉంటాయి, వాటిలో పేజీలు మార్చుకుంటూ ఉండాలి. ఒక పేజీ కక్ష్య తలాలను కలపడానికి, ఇంకోటి సమయాలను కలపడానికి, మరోటి డాకింగ్‌కు. అంకెలు చదువుతూ, రేడియోను స్టేషన్ ఫ్రీక్వెన్సీకి పెట్టుకుంటూ చేరాలి. ఒక ప్రయత్నానికి గంటలు పట్టొచ్చు, సమయాన్ని వేగంగా నడిపించుకున్నా సరే. ఈ ఓపిక ఉన్నవాళ్లకు ఇంతకంటే తృప్తినిచ్చే గేమ్ లేదు. ఏరోస్పేస్ చదవాలనుకునే పిల్లలు ఏదో ఒకరోజు ఇందులోకి రావాల్సిందే అని నా నమ్మకం.

మొదటి డాకింగ్ నేర్చుకోవడానికి మాత్రం ఇది సరైనది కాదు. ఇందులో నౌకలు ఢీకొనడం ఉండదు, తప్పు దారిలో వెళ్తే స్టేషన్‌లోంచి దూరి అవతలికి వెళ్లిపోతారు. తప్పు చేస్తే తప్పు అని చెప్పే దెబ్బ తగలకపోతే చెయ్యి తొందరగా నేర్చుకోదు. ఆ విషయంలో కెర్బల్ నిక్కచ్చి, సోలార్ ప్యానెల్ విరిగి పక్కన తేలుతూ కనిపిస్తుంది.

ఆర్బిటర్ వేసుకునేముందు మీ కీబోర్డు చూసుకోండి. ఇది విండోస్‌లోనే నడుస్తుంది, థ్రస్టర్లన్నీ కుడివైపు అంకెల కీల మీదే ఉంటాయి. తిప్పడానికీ జరపడానికీ మధ్య మారే కీ కూడా అక్కడే. చిన్న లాప్‌టాప్‌ల్లో ఆ కీలు ఉండవు. అంకెల కీలు మాత్రమే ఉండే చిన్న యూఎస్‌బీ కీబోర్డు విడిగా అమ్ముతారు, గవర్నర్‌పేటలో కంప్యూటర్ సామాన్ల షాపుల్లో అడగండి, ఖరీదు ఎక్కువ ఉండదు. మొదట కేంద్రానికి అప్పటికే అతుక్కుని ఉన్న డెల్టా-గ్లైడర్ అనే నౌక దృశ్యం తెరిచి, విడిపోయి కొద్దిదూరం వెనక్కి వచ్చి, మళ్లీ వెళ్లి అతుక్కోవడం చేయండి.

లాప్‌టాప్ లేనివాళ్లు

ఇంట్లో ఫోన్ ఒక్కటే ఉన్న పిల్లలు దీనికి దూరమైపోవాల్సిన పని లేదు. స్పేస్‌ఫ్లైట్ సిమ్యులేటర్ అనే గేమ్ ఆండ్రాయిడ్‌లో, ఐఫోన్‌లో దొరుకుతుంది. ఇది రెండు దిశల గేమ్, బొమ్మ కాగితం మీద గీసినట్టు చదునుగా ఉంటుంది. దానివల్ల కక్ష్య వాలు అనే గొడవే లేదు, కింది కక్ష్యలో వెళ్లి అందుకోవడం అనే అసలు సంగతి స్పష్టంగా అర్థమవుతుంది. ఆఖరి మీటర్ల పని మాత్రం దీంతో సగమే వస్తుంది, పైకి కిందికి, ముందుకు వెనక్కి తప్ప మూడో దిశ లేదు కాబట్టి. దానికి తోడు ఫోన్‌లోనే బ్రౌజర్ సిమ్యులేటర్ పెట్టుకుంటే రెండు పనులూ కలిసొస్తాయి. తర్వాత కాలేజీ ల్యాబ్‌లోనో స్నేహితుడి దగ్గరో కెర్బల్ దొరికిన రోజు మీరు అందరికంటే ముందుంటారు.

రీఎంట్రీ అనే గేమ్ గురించి అడిగేవాళ్లు కొందరున్నారు. మెర్క్యురీ, జెమిని, అపోలో కాక్‌పిట్‌లను స్విచ్ స్విచ్‌కూ కట్టిన గేమ్ అది. జెమినిలో ఎజీనాకు డాక్ చేయడం గొప్ప అనుభవం. కానీ అందులో మొదట నేర్చుకునేది స్విచ్‌లు, డాకింగ్ తర్వాత. చరిత్ర మీద ప్రేమ ఉన్నవాళ్లు కెర్బల్ అయ్యాక వెళ్లండి.

మన ఎండ, మన లాప్‌టాప్

కెర్బల్‌కు ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. సెట్టింగులు తగ్గించుకుంటే 8 జీబీ ర్యామ్ ఉన్న కాలేజీ లాప్‌టాప్‌లో చిన్న నౌకలు నడుస్తాయి. దాన్ని కుంగదీసేది బొమ్మల అందం కాదు, నౌకలో విడిభాగాల సంఖ్య. రెండు పెద్ద నౌకలు దగ్గరకు వచ్చేసరికి పైన ఎడమ మూల గడియారం ఆకుపచ్చ నుంచి పసుపుకు మారుతుంది. గేమ్‌లో సెకను నిజం సెకను కంటే నెమ్మదిగా నడుస్తోందని అర్థం. అప్పుడు మీరు నొక్కేదానికీ నౌక కదలడానికీ మధ్య తేడా వస్తుంది, చేతి అంచనా తప్పుతుంది. మే నెల మధ్యాహ్నం బెజవాడలో లాప్‌టాప్ వేడెక్కితే ఇదే జరుగుతుంది. వేసవి సెలవుల్లో నేర్చుకునేవాళ్లు పొద్దున్నే కూర్చోండి, లేదా రాత్రి. డెస్క్‌టాప్ ఉన్నవాళ్లు కరెంటు పోతుందేమోనని కూడా చూసుకోవాలి. 100 మీటర్ల దగ్గర ఒకసారి ఎఫ్5 నొక్కి సేవ్ చేసుకుంటే, ఎఫ్9 పట్టుకుని మళ్లీ అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు. ఆర్బిటర్‌లో అదే పని కంట్రోల్-ఎస్ చేస్తుంది.

గేమ్‌ప్యాడ్ కొనాలా అంటే, వెంటనే వద్దు. కీబోర్డులో కీ నొక్కితే పూర్తి తోపు, వదిలితే సున్నా. గేమ్‌ప్యాడ్ పుల్లతో కొంచెం కొంచెంగా తోయొచ్చు, హాయిగా ఉంటుంది. అయితే కెర్బల్‌లో క్యాప్స్ లాక్‌తో కీబోర్డు మీదే చాలావరకు పని జరుగుతుంది, ముందు అది రావాలి.

మొదటిసారి అతుక్కున్నాక సేవ్ చేసి మూసేయకుండా, అదే కూర్చున్న చోట విడిపోయి మళ్లీ చేయండి. విడిపోగానే కొంచెం దూరం వెనక్కి రావాలి, లేకపోతే అయస్కాంతం మళ్లీ పట్టుకోదు. 15 మీటర్ల దగ్గర పూర్తిగా ఆగి, ఒక నిమిషం కదలకుండా నిలబడి, 3 మీటర్ల దాకా వెళ్లి మళ్లీ ఆగి, వెనక్కి రండి. 2025 జనవరి 12న ఇస్రో సరిగ్గా ఇదే చేసింది: 15 మీటర్లు, తర్వాత 3 మీటర్లు, అక్కడి నుంచి సురక్షితమైన దూరానికి వెనక్కి. నాలుగు రోజుల తర్వాతే అసలు డాకింగ్. ఆగడం బాగా వచ్చాక నౌకను స్టేషన్ అవతలి వైపు పోర్టుకు తీసుకెళ్లండి. స్టేషన్‌ను చుట్టి వెళ్లాలంటే ఒకేసారి రెండు దిశల్లో తోస్తూ, ముక్కు కూడా తిప్పుతూ ఉండాలి. అక్కడ వేళ్లు చాలట్లేదు అనిపిస్తే అప్పుడు కొనండి గేమ్‌ప్యాడ్.